నీళ్ళ పాపన్న స్తోత్రాలు

పాపన్న గొంతు వినపడగానే మిట్టూరులో ఆడవాళ్ళు బిందెలు తెచ్చి కుళాయిల కింద పెట్టుకునేవాళ్ళు. ఆ గొంతులో సంగీతం ఏమీ లేదు. కొంచెం బొంగురు, కొంచెం సాగదీత. పాడే పాట కూడా ఎవరో రాసింది కాదు. చేతిలో వాల్వులు తిప్పే ఇనుప చెవి, పొడుగాటి తాళంచెవి లాంటిది, పట్టుకుని ఒక వాల్వు గుంత దగ్గర నుంచి ఇంకో గుంత దగ్గరికి నడుస్తూ, ఆ పొద్దు తన కళ్ళకు ఏది కనిపిస్తే దానికి దేవునికి స్తోత్రం చెప్పుకుంటూ పోయేవాడు. "తెల్లారినాది స్తోత్రం, కరెంటు ఉండాది స్తోత్రం, ట్యాంకు నిండినాది స్తోత్రం, మునిలక్ష్మమ్మ లేచినాది స్తోత్రం!"

"నేను లేస్తే నీ దేవునికేమి లాభమురా?" అని మునిలక్ష్మమ్మ వాకిట్లో నుంచే అరిచేది. ఆమెకు ఎనభై ఏళ్ళు. నడివీధిలో ఒంటిగా ఉంటుంది.

"ఆయనకు లాభం లేదమ్మా, మాకే!" అని పాపన్న నవ్వుతూ వాల్వు తిప్పేవాడు.

కర్ణాటకలో చింతామణి నుంచి కెంచార్లహళ్ళి పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మిట్టూరు. పై వీధి, నడివీధి, ఊరి చివర కాలనీ. అన్నీ కలిపి రెండు వందల ఇళ్ళు. పై వీధి వాళ్ళకు టమాటా తోటలు, మల్బరీ తోటలు ఉన్నాయి. పాపన్నది ఆ రైతుల కులమే గానీ ఉన్నది రెండెకరాల మెట్ట. వాన పడితే వేరుశనగ, లేదంటే ఏమీ లేదు. పద్నాలుగేళ్ళుగా అతను పంచాయతీ వాటర్‌మన్. యాభై ఆరేళ్ళ మనిషి, సన్నగా ఉంటాడు. ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి.

మిగతా రెండు వేళ్ళూ బాగేపల్లి దగ్గర ఒక చేనిలో పోయాయి. అప్పట్లో పాపన్న బోర్లు వేసే రిగ్గు లారీ మీద పనిచేసేవాడు. పదకొండేళ్ళు ఊరూరా తిరిగాడు. ఆ రోజు కేసింగు పైపు దించుతుంటే గొలుసు జారి పైపు చేతి మీద పడింది. తోటి కూలీలు చేతికి తుండుగుడ్డ చుట్టి, చిక్కబళ్ళాపురంలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయి చేర్చారు. వాళ్ళు మరుసటి రోజు వేరే ఊరికి వెళ్ళిపోయారు. రిగ్గు ఆగదు కదా.

పక్క మంచం మీద ఆంజనేయప్ప అనే ముసలాయన ఉన్నాడు. బాగేపల్లిలో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్. సైకిలు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రోజూ తెల్లవారగానే ఆయన కళ్ళు మూసుకుని, మెల్లగా, ఎదురుగా ఎవరో కూర్చున్నట్లు మాట్లాడేవాడు. మూడు రోజులు చూసి, నాలుగో రోజు పాపన్న అడిగేశాడు.

"ఏమప్పా, పొద్దున్నే ఎవురితో మాట్లాడతాండావు?"

"ఇచ్చినోడితో."

"ఏమిచ్చినాడు నీకు? కాలిరిగి పండుకోనుండావు కదా!"

ఆంజనేయప్పకు కోపం రాలేదు. "రాత్రి నిద్ర పట్టినాది. ఆ నర్సమ్మ నీళ్ళు తెచ్చిచ్చినాది. అవి ఇచ్చినాడు. నువ్వు బోర్ల పనిలో ఉన్నింటివి కదా, ఎన్ని ఏసుంటారు?"

"ఎవురు ఎంచినారు? వెయ్యి దాటుంటాయి."

"నీళ్ళు పైకి ఎగజిమ్మినప్పుడు ఇచ్చినోడికి ఒక్క మాటన్నా చెప్పినావా?"

"చేను గలోళ్ళు టెంకాయ కొడతారు. మాకేమి? నీళ్ళు పడినా పడకపోయినా ఇంకో చేనికి పోవాల," అన్నాడు పాపన్న, అటు తిరిగి పడుకుంటూ. ఆ మాట మాత్రం ముల్లులా లోపల ఉండిపోయింది. అన్నేళ్ళు భూమిని తొలిచి నీళ్ళు చూసినవాడు తను. ఆ నీళ్ళ గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

అయితే పాపన్న నమ్మింది ఆ మాటకు కాదు. అది తర్వాత జరిగింది. ఒక మధ్యాహ్నం చేతికి కట్టు మార్చడానికి వచ్చారు. పాత గుడ్డ పుండుకు అంటుకుపోయింది. లాగుతుంటే పాపన్నకు లోకం చీకటైంది. పళ్ళు కొరుక్కుని, రిగ్గును, గొలుసును, తన తలరాతను బండబూతులు తిట్టాడు. పక్క మంచం మీద నుంచి ఆంజనేయప్ప ఒంగి, పాపన్న కుడి చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ ముసలాయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యా, ఈ బిడ్డ చెయ్యి ఎట్ల నొస్తాండాదో నీకు తెలుసు," అన్నాడాయన. "నీ చేతుల్లో గూడా మేకులు దిగినాయి కదా."

కట్టు కట్టి వాళ్ళు వెళ్ళిపోయాక పాపన్న ముసలాయన వైపు తిరిగాడు. "ఆ చేతులు ఎవురివి?" అని అడిగాడు. అప్పుడు ఆంజనేయప్ప యేసుప్రభువు గురించి చెప్పాడు. తలగడ కింద నుంచి కన్నడంలో అచ్చు వేసిన వాక్యం పుస్తకం తీసి, ఒక్కో మాట చదివి తెలుగులో విడమరచి చెప్పాడు. పాపన్న కూడా కన్నడ శాలలోనే నాలుగు దాకా చదివాడు. ఇంట్లో మాట తెలుగు, పలక మీద అక్షరం కన్నడం, ఆ ప్రాంతంలో అందరికీ అంతే. అందుకని ఈనాటికీ అతను వాక్యం కన్నడంలో చదువుతాడు, ప్రార్థన తెలుగులో చేస్తాడు. గాయపడిన చేతులున్న దేవుడు ఒకడున్నాడనే సంగతి అతని మనసులో అలా దిగి, మళ్ళీ బయటికి పోలేదు.

ఇంటికి వచ్చాక భార్య హనుమక్కకు అంతా చెప్పాడు. ఆమె రాగి సంగటి గెలుకుతూ చివరిదాకా విన్నది.

"చెయ్యి పొయ్యి వచ్చినావు, ప్రాణం ఉండాది. నాకు అది చాలు," అన్నది. "నీ దేవునికి నువ్వు మొక్కుకో. నా దేవునికి నేను మొక్కుకుంటా. ఇంట్లో కొట్లాట మాత్రం వద్దు."

కొట్లాట కాలేదు గానీ, మొదటి రెండేళ్ళు పాపన్న ఊరిని విసిగించాడు. కనిపించిన ప్రతివాడినీ ఆపి తన సాక్ష్యం చెప్పేవాడు. టీ అంగడిలో చెప్పాడు, బస్సులో చెప్పాడు. చివరికి బట్లహళ్ళిలో బంధువుల పెళ్ళికి వెళ్ళి, భోజనాల పంక్తిలో కూడా మొదలుపెట్టాడు. పక్కన కూర్చున్న మామ వరస ఆయన విస్తరి వదిలి లేచిపోయాడు. తిరుగు బస్సులో వచ్చి ఊరి దగ్గర దిగాక హనుమక్క అడిగింది.

"నీకు ఆ పోస్ట్‌మన్ అప్ప ఎన్ని దినాలకు చెప్పినాడు?"

"నేను అడిగినాకే చెప్పినాడు."

"మరి నువ్వు? ఎవురడిగినారని ఆ మనిషి నోటికాడ కూడు పాడు చేసినావు? దాహమని అడిగినోళ్ళకు నీళ్ళు ఇయ్యి. దేవుడు ఎవురని అడిగితే అప్పుడు చెప్పు. అంతవరకు ఊరికే మంచోడుగా ఉండు, చూస్తాము."

పాపన్నకు ఆ మాట చురుక్కుమని తగిలింది. ఆలోచిస్తే, ఆ పోస్ట్‌మన్ చేసింది కూడా అదే. ఆనాటి నుంచి అడగనివాళ్ళకు చెప్పడం మానేశాడు. ఆదివారం చింతామణి పోయి కూడికలో కూర్చునేవాడు. శుక్రవారం సాయంత్రం కాలనీలో శ్రీనివాసప్ప ఇంట్లో ప్రార్థన. శ్రీనివాసప్ప మేస్త్రి పని చేస్తాడు, పెళ్ళాం బిడ్డలతో ముందునుంచీ ప్రభువును నమ్ముకున్నవాడు. ప్రార్థన అయ్యాక అక్కడే కూర్చుని వాళ్ళ ఇంటి సంగటి తినేవాడు. పై వీధి వాళ్ళకు ప్రార్థన కంటే ఆ సంగటే మింగుడు పడలేదు. కొందరు శుభకార్యాలకు పిలవడం మానేశారు. పాపన్న బాధపడ్డాడు గానీ శుక్రవారం మానలేదు.

మోటార్ల సంగతి, పైపుల సంగతి తెలిసినవాడని పంచాయతీవాళ్ళు అతనికి వాటర్‌మన్ పని ఇచ్చారు. చెప్పాలనుకున్నవన్నీ లోపల దాచుకోవడం కష్టమై, నడుస్తూ పాడుకోవడం అప్పుడే మొదలైంది.

పోయిన ఏడాది ఎండాకాలం అన్నిటికంటే గట్టిగా కాసింది. బోరులో నీళ్ళు దిగిపోయాయి. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు నాలుగు రోజులకు ఒకసారి అయ్యాయి. ఒక్కో వీధికి నలభై నిమిషాలు. పాపన్న వాచీ చూసి తిప్పేవాడు, వాచీ చూసి కట్టేసేవాడు. అయినా పై వీధి చివరి ఇళ్ళల్లో బిందెలు నిండడం లేదు. సన్నని ధార వచ్చి ఆగిపోయేది. ఆ చివరి ఇళ్ళల్లో ఒకటి వెంకటరాయప్పది. పెద్ద రైతు, మాట గట్టిది, ఒకసారి అనుకున్నాడంటే వెనక్కి తీసుకోడు.

"కాలనీలో బిందెలు పొర్లిపోతాండాయి, మాకు మాత్రం చుక్కలు పడతాండాయి," అని ఆయన టీ అంగడిలో అన్నాడు. "వాడి దేవుని సంఘం అక్కడ ఉండాది కదా. ఇంక నీళ్ళు యాడికి పోతాయి?"

వారం తిరగకముందే పంచాయతీ ఆఫీసు నుంచి పాపన్నకు పిలుపు వచ్చింది. పంచాయతీ అధికారిగా, అంటే పీడీవోగా, కొత్తగా వచ్చిన నేత్ర చిన్న వయసు ఆమె, తొందరపడి అరిచే మనిషి కాదు. బల్ల మీద వెంకటరాయప్ప సంతకంతో, కన్నడంలో రాసిన అర్జి ఉంది.

"పాపన్నా, మీ మీద ఇది ఇచ్చినారు," అన్నది. "ఒక వీధికి ఎక్కువ నీళ్ళు వదుల్తాండారని. ఇంకా, పని టైములో మీ మతం పాటలు పాడి ప్రచారం చేస్తాండారని."

"ఎవురికీ ఎక్కువ వదల్లేదు మేడం. అందరికీ నలభై నిమిషాలే."

"నీళ్ళ విషయం నేను విచారిస్తాను. పాట మాత్రం డ్యూటీలో వద్దు. నా తల మీదికి తేవద్దు."

"సరే మేడం," అన్నాడు పాపన్న.

ఇంటికి వచ్చి చెబితే హనుమక్క చేతిలో చేటను నేలకేసి కొట్టింది. "ఆ పాట ఏమన్నా పాటనా? దానికి గూడా అర్జినా?" అన్నది. పాపన్నకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

తర్వాతి నీళ్ళ రోజు అతను నోరు మూసుకుని నడిచాడు. ఇనుప చెవి భుజాన వేసుకుని, ట్యాంకు దగ్గర నుంచి మొదటి వాల్వు దాకా, అక్కడి నుంచి రెండోదాని దాకా. కుక్కలు కూడా వింతగా చూశాయి. లోపల మాత్రం మాటలు వస్తూనే ఉన్నాయి. తెల్లారింది స్తోత్రం, కరెంటు ఉంది స్తోత్రం. అయితే ఏదో వెలితిగా ఉంది. నడివీధి మలుపులో ఆగి, ఆ వెలితి ఏమిటా అని ఆలోచించాడు. మునిలక్ష్మమ్మ బదులు పలకలేదు, అదీ వెలితి. ఊరు వింటున్నదనే సంబరం ఇన్నేళ్ళుగా ఆ స్తోత్రాలలో ఎంతో కొంత కలిసి ఉందని అతనికి అప్పుడే తెలిసివచ్చింది. సిగ్గుపడ్డాడు. "అయ్యా, నీతో మాట్లాడతాండానని అనుకుంటి. సగం వీళ్ళకు వినిపించేదానికే పాడినట్లుండానే," అని మనసులో అన్నాడు. ఆ తర్వాత ఆ మౌనం అంత బరువుగా అనిపించలేదు.

బరువంతా ఊరి మీద పడింది. పాట వినపడకపోవడంతో సగం ఊరు నిద్ర లేవలేదు. లేచేసరికి నలభై నిమిషాలు అయిపోయాయి. ఇంకో నాలుగు రోజులు నీళ్ళు లేవు. రెండోసారీ అంతే అయింది. మూడోసారి కొందరు ఆడవాళ్ళు చీకటితోనే లేచి బిందెల పక్కన కాపలా కూర్చుని, వచ్చే పోయే వాళ్ళనందరినీ తిట్టారు.

ఆ నెలలోనే గ్రామసభ జరిగింది. నేత్ర రోడ్ల గురించి, దీపాల గురించి చదువుతుంటే మునిలక్ష్మమ్మ కర్ర పట్టుకుని లేచింది.

"మేడమ్మా, వాని పాట నిలిపింది నువ్వేనా?"

"అర్జి వచ్చింది అవ్వా. పని టైములో మతం పాట..."

"మతమో గితమో నాకు తెల్దు. ఆ పాట బాగుండాదని గూడా నేను చెప్పను. వినేదానికి శానా కష్టం. అయినా అది వినబడితేనే నేను లేసేది. మూడు తూర్లు నాకు నీళ్ళు పోయినాయి. పాడనీ, లేకుంటే నువ్వే వచ్చి నన్ను లేపు!"

సభ అంతా గొల్లుమని నవ్వింది. నేత్ర కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. వెనక కూర్చున్న పాపన్న తల వంచుకున్నాడు. వెంకటరాయప్ప మాత్రం నవ్వలేదు.

"పాడుకుంటే పాడుకోనీ," అన్నాడు లేచి. "నా మాట పాట గురించి కాదు. మా నీళ్ళు యాడికి పోతాండాయో చెప్పమనండి."

పాపన్న లేచి నిలబడ్డాడు. "వెంకటరాయప్పా, వచ్చే తూరి నాతో తిరుగుదువు రా. వాచీ నువ్వే పట్టుకో. నువ్వు తిప్పమంటే తిప్పతా, కట్టేయమంటే కట్టేస్తా."

వెంకటరాయప్ప వచ్చాడు. వాచీ పట్టుకుని వాల్వు వాల్వుకూ నిలబడ్డాడు. పాపన్న చెప్పింది నిజమే, అందరికీ నలభై నిమిషాలే. పై వీధి మొదట్లో నీళ్ళు ఉరుకుతున్నాయి. వీధి చివరికి వెళ్ళి చూస్తే అదే సన్నని ధార. వెంకటరాయప్ప వాచీ తిరిగిచ్చేసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నడుమలో ఎక్కడో నీళ్ళు పోతున్నాయని పాపన్నకు అర్థమైంది.

తర్వాతి నీళ్ళ రోజు పై వీధి వాల్వు తిప్పి, పైపు దారి పట్టుకుని ఒక్కడే నడిచాడు. పదడుగులకు ఒకసారి ఇనుప చెవిని నేలకు ఆనించి, దాని పై కొనకు తన చెవి ఆనించి వినేవాడు. రిగ్గు మీద నేర్చిన విద్య అది. వెంకటరాయప్ప కొట్టం వెనక్కి వచ్చేసరికి నేలలో గుడగుడమని చప్పుడు వినపడింది. తలెత్తి చూశాడు. ఊరంతా ఎండి పగుళ్ళిచ్చిన ఆ ఎండాకాలంలో, కొట్టం గోడ వెంబడి మోకాలెత్తు పచ్చగడ్డి. రెండు ఆవులు నిమ్మళంగా మేస్తున్నాయి.

పాపన్న గుండె సంతోషంతో ఎగిరింది. కాలనీకి మళ్ళించాడన్న నీళ్ళు అర్జి పెట్టినవాడి కొట్టం వెనకే ఇంకుతున్నాయి. ఇప్పుడే వీధినంతా పిలవాలి. మేడంకు ఫోన్ చేయాలి. మునిలక్ష్మమ్మను ముందు నిలబెట్టాలి. ఫోన్ తీశాడు కూడా. నంబరు నొక్కబోతూ ఆగాడు. తనకు కలిగిన ఆ సంతోషంలో పై వీధికి నీళ్ళు వస్తాయన్న మాటే లేదు. ఇంకొకడు నలుగురిలో తల దించుకుంటాడన్న సంతోషమే అదంతా. మొన్న మలుపులో తెలిసివచ్చింది ఇంకా మనసులో పచ్చిగానే ఉంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గోడ అవతలికి వెళ్ళి మెల్లగా పిలిచాడు.

"వెంకటరాయప్పా, ఒక తూరి ఇట్ల రాప్పా. గడ్డపార ఉంటే తీసుకోనిరా."

మోకాలి లోతు తవ్వగానే బురద వచ్చింది. ఇంకొంచెం తవ్వితే పైపు కనిపించింది. జాయింటు దగ్గర పగిలి ఉంది. పగులుకు సైకిలు ట్యూబు చుట్టి, తీగతో బిగించి ఉంది. ఆ ట్యూబు కుళ్ళిపోయి నీళ్ళు చిమ్ముతున్నాయి. అంతకు ముందటి ఏడాది కొట్టం పునాదికి జేసీబీ పెట్టి తవ్వించింది వెంకటరాయప్పే. పైపుకు దెబ్బ తగిలితే, పనివాళ్ళు ఏదో చుట్టి పూడ్చేశారు.

వెంకటరాయప్ప వంగి ఆ ట్యూబును చేత్తో పట్టి చూశాడు. మొహం నల్లబడింది.

"పైపుకు తగిలిందని వాళ్ళు చెప్పినారు పాపన్నా," అన్నాడు. "సరి చేసినామన్నారు. నేను మర్సేపోయినా."

"అయ్యుంటాది. ఎవురికి గ్యాపకం ఉంటాది?" అన్నాడు పాపన్న. "వాల్వు కట్టేసి వస్తా. నువ్వు ఆ బురద ఎత్తు."

ఇద్దరూ కలిసి మధ్యాహ్నం దాకా పని చేశారు. పగిలిన ముక్క కోసి, కొత్త ముక్క పెట్టి, గమ్ము పూసి బిగించారు. మూడు వేళ్ళతో పాపన్న పైపు పట్టుకుంటే వెంకటరాయప్ప తోశాడు. వెంకటరాయప్ప భార్య సుజాతమ్మ మజ్జిగ తెచ్చి గోడ మీద పెట్టి అక్కడే నిలబడింది.

"మేడంకు ఏమి చెప్తావు?" అన్నాడు వెంకటరాయప్ప, చేతుల బురద తుడుచుకుంటూ.

"జాయింటు పోయింటే ఏసినామని చెప్తా. అది అబద్ధం కాదు కదా."

"నేను ఊరందరి ముందర నిన్ను దొంగను చేసినా. నువ్వు ఎందుకు అరవలేదు?"

"అరవాలనే ఉన్నింది. ఫోన్ గూడా తీసింటి," అన్నాడు పాపన్న. నిజం చెప్పేసరికి అతనికి తేలికగా అనిపించింది.

"మరి?"

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకడు తనంతట తాను అడిగాడు. పాపన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఆస్పత్రి మంచం గురించి, ఆ ముసలి పోస్ట్‌మన్ గురించి, మేకులు దిగిన చేతుల గురించి చెప్పాడు. "ప్రభువు తన చెయ్యి నొప్పి మర్సిపోలేదు. అందుకే నా చెయ్యి పట్టుకున్నాడు. నేను గూడా మాట పడినోడినే కదా. ఇంకొకరిని అట్ల నిలబెట్టేదానికి నోరు రాలేదప్పా. అంతే." పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. సుజాతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. వెంకటరాయప్ప, "ఊఁ" అని మాత్రం అన్నాడు.

వారం తర్వాత నేత్ర పాపన్నకు ఫోన్ చేసింది. వెంకటరాయప్ప ఆఫీసుకు వచ్చి అర్జి వెనక్కి తీసుకున్నాడని, తప్పు తన కొట్టం దగ్గరే ఉందని నలుగురి ముందు చెప్పి వెళ్ళాడని చెప్పింది. ఆయన దేవుడిని ఆయన మార్చుకోలేదు. శనివారం గుడికి వెళ్ళడం మానలేదు. కానీ ఆ తర్వాత వాళ్ళ ఇంట్లో చిన్న కూతురి సీమంతానికి పాపన్ననూ హనుమక్కనూ స్వయంగా వచ్చి పిలిచాడు.

మేడం సరేననడంతో పాపన్న మళ్ళీ పాడడం మొదలుపెట్టాడు. అయితే ట్యాంకు దగ్గర నుంచి మొదటి వాల్వు దాకా మాత్రం నోరు విప్పడు. ఆ కాస్త దూరం తనకూ దేవునికీ అని ఉంచుకున్నాడు.

వానలు పడ్డాక ఊళ్ళోకి చికున్‌గున్యా వచ్చింది. పాపన్నకు అందరికంటే గట్టిగా తగిలింది. కీళ్ళన్నీ పట్టేసి, చెంబు కూడా ఎత్తలేక మంచాన పడ్డాడు. కాలనీ శ్రీనివాసప్ప ఇనుప చెవి తీసుకుని నీళ్ళు వదలడానికి బయలుదేరితే, ఏ వాల్వు ఎటో తెలిసిన వెంకటరాయప్ప వాచీ పెట్టుకుని తోడు నడిచాడు. పై వీధి మనిషి, కాలనీ మనిషి జంటగా తిరగడాన్ని ఊరు రెండు రోజులు వింతగా చూసి, తర్వాత మరిచిపోయింది.

ఐదో రోజు సాయంత్రం జ్వరం బాగా ఎక్కువైంది. పాపన్న పెదాలు కదిపాడు గానీ మాట రాలేదు. కళ్ళ చివర నుంచి నీళ్ళు కారాయి. హనుమక్క తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ వంగి చూసింది.

"ఏమి? ప్రార్థన చేసుకోవాల్నా?"

తల ఊపాడు.

"నోరు రాదా?"

రాదన్నట్లు కళ్ళు మూశాడు. హనుమక్క తడిగుడ్డ పక్కన పెట్టింది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, అతని మూడు వేళ్ళ చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నది.

"అప్పా," అని మొదలుపెట్టింది. "నేను హనుమక్కని. నీకు నా గొంతు తెలుసునో తెల్దో. ఈ మనిషి దినామూ నీతో మాట్లాడతాడు కదా, అయిదు దినాలుగా మాట్లాడలేదని కోపం చేసుకోవద్దు. నోరు ఎండిపోయుండాది. లోపల అనుకుంటానే ఉండాడు. నీళ్ళు వచ్చినాయి, శ్రీనివాసప్ప వదిలినాడు, దానికి స్తోత్రం. వాన పడినాది, దానికీ. ఈ జొరం దించు. నాకు నీ మాటలు ఇంతకంటే రావు."

ఆగి, భర్త వైపు తిరిగింది. "ఆఖర్న ఏమనాల?"

పాపన్న గొంతు పెగుల్చుకుని అన్నాడు. "ఆమెన్."

"అట్లంటే?"

"అట్లే కానీ... అని."

"ఆమెన్," అన్నది హనుమక్క. "బాగుండాది ఈ మాట." గంజి గిన్నె తెచ్చి అతని తల ఎత్తి రెండు గుక్కలు తాగించి, దీపం పెట్టే వేళైందని లేచి లోపలికి వెళ్ళింది.